పట్టీ సర్దుకోదు, మీరే సర్దుకోవాలి

తెనాలిలో మా మేనల్లుడి పెళ్లి. భోజనాల బంతిలో నా పక్కన మా బాబాయి కూతురు కూర్చుంది. డల్లాస్ నుంచి వచ్చి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ ఊరంతా ఆమెతో ఒకటే మాట, "ఎంత సన్నబడ్డావే!" అని. ఆమె గారె ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. నేను పులిహోర, బూరె, వంకాయ కూర ముగించి చారులోకి దిగేసరికి కూడా ఆమె అదే ముక్కతో కుస్తీ పడుతోంది. ఉన్నట్టుండి కళ్లలో నీళ్లు తిరిగాయి. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి షామియానా వెనక్కి పరిగెత్తింది. "అమెరికా అమ్మగారికి కారం ఎక్కువైనట్టుంది" అన్నాడు వడ్డించేవాడు.

పది నిమిషాలకు తిరిగొచ్చి ఐస్‌క్రీం కప్పులు మూడు వరసగా ఖాళీ చేసింది. గారె ముక్క దిగని గొంతులో మూడు కప్పులు ఎలా దిగాయన్న అనుమానం పందిట్లో ఎవరికీ రాలేదు. నాకొచ్చింది. అడిగాను.

"లోపల వడ్డాణం ఉంది అన్నయ్యా" అంది.

అంతకుముందు ఆమెకు పైన పెట్టుకునే వడ్డాణం ఉండేది. మా నాయనమ్మది. పాతిక కాసుల బంగారం. ఆరుగురు బిడ్డల్ని కన్న నడుముకు ఆఖరిదాకా పట్టిన వడ్డాణం అది. మనవరాలి పెళ్లికి నాయనమ్మ తన చేత్తో పెట్టింది. 2011లో మా చెల్లెలు దాన్ని బాబాయి చేత అమ్మించి, చాలని డబ్బు క్రెడిట్ కార్డు మీద గీకి, సిలికాన్ వడ్డాణం చేయించుకుంది. ఇది నడుముకు కాదు, జీర్ణాశయానికి. ఎవరికీ కనపడదు. పేరంటానికి పనికిరాదు. తాకట్టుకు అసలే పనికిరాదు.

దీని తయారీ చూస్తే ముచ్చటేస్తుంది. పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు చేసి, కెమెరాతో లోపలికి వెళ్లి, జీర్ణాశయం పైభాగం చుట్టూ సిలికాన్ పట్టీ కడతారు. పట్టీకి పైన ఉగ్గుగిన్నెంత సంచి మిగులుతుంది. పదిహేను మిల్లీలీటర్లు, మహా అయితే ముప్పై. నాలుగు ముద్దలకే అది నిండి, కడుపు నిండిందని మెదడుకు కబురు పంపుతుంది. పట్టీ లోపలి అంచు బుడగలా ఉంటుంది. ఆ బుడగ నుంచి సన్నని గొట్టం, గొట్టం చివర చర్మం కింద కుట్టిన బిళ్ల. ఆ బిళ్లను పోర్టు అంటారు. అందులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, లాగేస్తే వదులవుతుంది. సైకిల్ ట్యూబుకు గాలి కొట్టడం తెలిసినవాళ్లకు ఇందులో కొత్త లేదు. కొత్తల్లా గాలికి అయ్యే బిల్లు.

పూర్తి పేరు అడ్జస్టబుల్ గ్యాస్ట్రిక్ బ్యాండ్. సర్దుబాటు పట్టీ అన్నమాట. మా చెల్లెలు పడిపోయింది సరిగ్గా ఆ మాటకే. తెలుగు ఆడపిల్ల పుట్టింది మొదలు వినేది ఒకటే క్రియాపదం, సర్దుకుపో. అత్తగారి నోటితో సర్దుకుపో. మొగుడి గురకతో సర్దుకుపో. ఎమ్మెస్సీ చదివి డిపెండెంట్ వీసా మీద నాలుగేళ్లు ఇంట్లో కూర్చుని సర్దుకుపో. ఇన్నాళ్లకు ఒక వస్తువు ఎదురొచ్చి "నువ్వు కూర్చో అమ్మా, నేను సర్దుకుంటాను" అంటే ఏ ఆడపిల్ల కాదనగలదు?

కనిపెట్టినవాళ్లను నేనేమీ అనను. అమెరికాకు వలస వచ్చిన ఉక్రెయినియన్ సర్జన్ లుబోమిర్ కుజ్మాక్ 1986లో న్యూజెర్సీలో సర్దుబాటు పట్టీ వాడడం మొదలుపెట్టాడు. ఇథియోపియాలో పుట్టిన మితికు బెలాచ్యూ 1993లో బెల్జియంలోని వీ పట్నంలో పొట్ట కోయకుండా, కెమెరాతో దాన్ని పెట్టి చూపించాడు. పేగులు కోసి అతికే బైపాస్ కంటే సులువైనదేదో రోగికి ఇవ్వాలన్నది వాళ్ల తాపత్రయం. ఊబకాయం సోమరితనమని ఈసడించేవాళ్లకంటే వాళ్లు వెయ్యిరెట్లు నయం. అది జబ్బని, దానికి వైద్యం కావాలని నమ్మారు. నా గొడవంతా పట్టీ డాక్టరు చేతిలోంచి సేల్స్‌మన్ చేతిలోకి మారిన తర్వాతది.

సేల్స్‌మన్ చెప్పే సుగుణాలు మూడు. ఒకటి, ఏమీ కోయం. రెండు, ఎప్పుడంటే అప్పుడు తీసేయవచ్చు. మూడు, సర్దుబాటు చేసుకోవచ్చు. మూడూ నిజాలే. ఒక్క నిజాన్నీ పూర్తిగా చెప్పకపోవడమే అందులో పనితనం. "తీసేయవచ్చు" అన్నాడు గానీ "తీయించుకోవలసి వస్తుంది" అనలేదు. రెంటికీ మధ్య తేడా కొద్ది అక్షరాలు, ఒక ఆపరేషన్ థియేటరు.

అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2001లో ల్యాప్ బ్యాండ్ పేరుతో అమ్మే ఈ పట్టీకి పచ్చజెండా ఊపింది. అందుకు ఆధారమైన పరీక్షలో 299 మంది ఉన్నారు. ఫలితాలను కంపెనీ తన కాగితాల్లో తనే అచ్చు వేసింది. నూటికి 89 మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. 51 మందికి వికారం, వాంతులు. 34 మందికి తిన్నది గొంతులోకి ఎగదన్నడం. 24 మందికి పట్టీ జారడమో, పైసంచి సాగిపోవడమో. 14 మందికి దారి మూసుకుపోవడం. నూటికి పాతికమందికి పట్టీని పూర్తిగా తీసేశారు. రహస్యమేమీ కాదు. చీమతలకాయంత అక్షరాల్లో, చదివే తీరిక ఉన్న ప్రతి ఒక్కరికీ అందుబాటులో ఉంది. నవ్వుతున్న అమ్మాయి బొమ్మ మాత్రం లారీ అంత ఉంది.

అయినా గిరాకీ చాలలేదు. లావుగా ఉన్నవాళ్లు కొరవడ్డారని కాదు, లావుకు పెట్టిన గీత మరీ పైన ఉంది. అప్పటిదాకా ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అంటే బీఎంఐ, 40 ఉండాలి, పక్కన ఏదైనా జబ్బుంటే 35 చాలు. ఐదడుగుల రెండంగుళాల మనిషికి లెక్క కడితే 99 కిలోలు, జబ్బుంటే 87. ఆ గీతను దించవచ్చా అంటే 2010 డిసెంబరులో ఎఫ్‌డీఏ సలహా సంఘంలో ఎనిమిది మంది ఔను, ఇద్దరు కాదు అని ఓటేశారు. 2011 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ గీతను కిందికి దించింది. బీఎంఐ 30, పక్కన ఒక జబ్బు. అదే మనిషికి 75 కిలోలు చాలు. ఈ నిర్ణయానికి ఆధారం 149 మంది మీద చేసిన అధ్యయనం. వాళ్లలో చాలామంది బరువు తగ్గిన మాట నిజం. నూటికి డెబ్బైమంది ఏదో ఒక ఇబ్బంది పడ్డ మాటా నిజమే. పట్టీ ఇంకా ఎవరికీ సర్దుకోలేదు గానీ, నియమం అప్పటికే చక్కగా సర్దుకుంది.

మా చెల్లెలు ఐదడుగుల రెండంగుళాలు. డెబ్బై తొమ్మిది కిలోలు. ఇద్దరు బిడ్డల తర్వాత కొద్దిగా బీపీ. ఫిబ్రవరి దాకా ఆమె మామూలు ఆడమనిషి. మార్చికల్లా అర్హత గల అభ్యర్థి. మధ్యలో ఒక్క గ్రాము పెరగలేదు.

అటు కాలిఫోర్నియాలో ఇంకో ముచ్చట నడుస్తోంది. లాస్ ఏంజెలిస్ చుట్టూ ఏ హైవే మీద చూసినా ఒక ఫోన్ నంబరు, 1-800-గెట్-థిన్. ఎత్తి మోగిస్తే చాలు, సన్నబడిపోతారు. హోర్డింగు మీద, బస్సు మీద, రేడియోలో అదే నంబరు. ఆ ప్రకటనల్లో ప్రమాదాల ఊసే సరిగ్గా లేదని, ఉన్నచోట కంటికి ఆనని అక్షరాల్లో ఉందని 2011 డిసెంబరులో ఎఫ్‌డీఏ ఆ మార్కెటింగ్ సంస్థకూ ఎనిమిది సర్జరీ కేంద్రాలకూ హెచ్చరిక లేఖలు రాసింది. అప్పటికే ఆ కేంద్రాల్లో పట్టీ వేయించుకున్నవాళ్లలో ఐదుగురు చనిపోయారని లాస్ ఏంజెలిస్ టైమ్స్ వరసగా రాస్తూ వచ్చింది. ఇక మీకు పట్టీలు అమ్మేది లేదని 2012లో తయారీ కంపెనీయే చేతులు దులుపుకుంది.

అసలు రసం తర్వాత కోర్టులో బయటపడింది. బీమా కంపెనీ డబ్బివ్వాలంటే బీఎంఐ పక్కన ఒక జబ్బు చూపించాలి కదా. నిద్రలో ఊపిరి ఆగే జబ్బయితే అనుకూలం. అందుకని వచ్చినవాళ్లను నిద్రపుచ్చి పరీక్ష చేశారు, ఆ పరీక్షల కాగితాలను దిద్దారు. ఈ వ్యవహారం నడిపిన పెద్దమనిషిని 2021లో జ్యూరీ దోషిగా తేల్చింది. 2023లో ఏడేళ్ల జైలు పడింది. దొంగ బిల్లుల మొత్తం 35 కోట్ల డాలర్లకు పైమాటే. పట్టీతో రోగి ఒళ్లు తగ్గించుకోవడం మనం విన్నదే. బిల్లు కోసం రోగి నిద్రను కూడా సర్దినవాళ్లను ఇక్కడే చూశాం.

ఇక మా చెల్లెలి సంసారానికి వద్దాం. ఆమెకు ఆపరేషన్ చేసిన డాక్టరు ఎవరో నేను చెప్పను, ఆయన దగ్గర విడ్డూరమేమీ లేదు. అందరూ అనే మాటలే ఆయనా అన్నాడు.

మొదటి ఏడాది పదిహేను కిలోలు తగ్గింది. "చూశారా, పట్టీ ఎంత బాగా పనిచేస్తోందో!" అన్నాడు డాక్టరు.

రెండో ఏడాది అన్నం దిగడం మానేసింది. చపాతీ సరేసరి. చికెన్ ముక్క మధ్యలో ఇరుక్కుని, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు నొప్పి, నోటినిండా నురగలాంటి ఉమ్మి. చివరికి ముక్క పైకొచ్చేస్తే ప్రాణం కుదుటపడేది. "మీరు సరిగ్గా నమలడం లేదు" అన్నాడు డాక్టరు.

గమనించారా? తగ్గినప్పుడు పట్టీ పనిచేసింది. ఇరుక్కున్నప్పుడు మనిషి నమల్లేదు.

నమలడానికి నియమం ఉంది. ముద్ద చిటికెన వేలి గోరంత ఉండాలి. పాతికసార్లు నమలాలి. భోజనంతో నీళ్లు తాగకూడదు. అన్నీ పాటించింది. అయినా దిగనిది దిగలేదు. దిగినవి ఏమిటయ్యా అంటే ఐస్‌క్రీం, మిల్క్‌షేకు, కరిగిన చాక్లెట్, పాయసం. పట్టీకి కేలరీలు లెక్కపెట్టడం రాదు. ముద్ద గట్టిదా మెత్తదా అన్నదొక్కటే దానికి తెలిసిన విద్య. టిక్కెట్టు కొన్నవాణ్ని దింపేసి, కొననివాణ్ని కిటికీ పక్కన కూర్చోబెట్టే కండక్టరు అది. కూరలూ పప్పూ పోయి పంచదార మిగిలింది. తగ్గిన పదిహేనులో ఆరు కిలోలు తిరిగొచ్చాయి. "మీకు తీపి మీద మనసు ఎక్కువ" అన్నాడు డాక్టరు.

రాత్రిళ్లు పడుకుంటే పులుపు గొంతులోకి ఎగదన్నేది. దగ్గు. మూడు దిళ్లు ఎత్తుగా పెట్టుకుని, కూర్చున్నట్టే నిద్ర. "ఎత్తుగా పడుకోండి, సర్దుకుంటుంది" అన్నాడు. ఏది సర్దుకుంటుందో చెప్పలేదు.

2013లో పోర్టు చర్మం కింద బోర్లాపడింది. సూది గుచ్చుదామంటే వెనక వైపు తగులుతోంది. మొదటి మరమ్మతు ఆపరేషన్. "మీరు బరువులు ఎత్తారా?" అన్నాడు. ఎత్తింది, చంటిపిల్లను.

2015లో పట్టీ జారింది. కాదు, తప్పు. ఆ మాట అన్నందుకు డాక్టరు దిద్దాడు. పట్టీ ఎక్కడిదక్కడే ఉంటుందట. కింద ఉండాల్సిన జీర్ణాశయం పట్టీ సందులోంచి పైకి పాకుతుందట. అంటే జారింది మా చెల్లెలి పొట్ట, వాళ్ల పట్టీ కాదు. అనాటమీ ప్రకారం ఆయన అన్నది సరైనదే. ఇంత సరైన మాటకు బదులు చెప్పలేక మా చెల్లెలు రెండో మరమ్మతుకు సంతకం పెట్టింది.

ఆమె అదృష్టవంతురాలు. కొందరికి అలా పాకిన పొట్టకు రక్తం అందక ఆ భాగం చచ్చిపోతుంది. అప్పుడు గంటల్లో ఆపరేషన్ చేయకపోతే మనిషి దక్కదు. వారాల తరబడి వాంతులైనవాళ్లకు థయామిన్ అనే విటమిన్ అడుగంటి, తూలు, మతిమరుపు, చూపు తడబడడం దాకా వెళుతుంది. ఇంకొందరిలో పట్టీ నెమ్మదిగా జీర్ణాశయం గోడను ఒరుసుకుంటూ లోపలికి దిగిపోతుంది. నొప్పి ఉండకపోవచ్చు. బరువు తగ్గడం ఆగిపోతుంది, లేదా ఏళ్ల తర్వాత పోర్టు దగ్గర చీము పడుతుంది. ఏమిటా అని గొట్టం వేసి చూస్తే పట్టీ పొట్టలోపల కూర్చుని కనిపిస్తుంది. తిండి తగ్గించడానికి కట్టిన పట్టీ పొట్టనే తినడం మొదలుపెట్టిందన్నమాట. ఇంత ఆకలి మా చెల్లెలికి ఎన్నడూ లేదు.

2018లో అన్నవాహిక సాగి బుడ్డిలా తయారైంది. ఏళ్ల తరబడి మూసిన తలుపును నెట్టి నెట్టి అలిసిపోయిందట. మూడో ఆపరేషన్. పట్టీ తీసేశారు. తీసేటప్పుడు డాక్టరు అన్న మాట చెప్పాలి. "పట్టీ మంచిదే. మీ ఒంటికి పడలేదు."

ఎంత గొప్ప వస్తువో చూడండి. ఏడేళ్లలో నమలడం సర్దుకుంది, నిద్ర సర్దుకుంది, దిళ్లు సర్దుకున్నాయి, సంచి సాగి సర్దుకుంది, అన్నవాహిక వెడల్పై సర్దుకుంది, చంటిపిల్ల ఎత్తుకోమని ఏడవడం మానేసి సర్దుకుంది. సర్దుకోనిది ఇంటిల్లిపాదిలో పట్టీ ఒక్కటే. దాని పేరే సర్దుబాటు పట్టీ.

ఒక్క మనిషి కథ చెప్పి పరికరం మీద పడ్డాడని నన్ను అనకండి. లెక్కలు తెచ్చాను.

అమెరికాలో వృద్ధులకూ వికలాంగులకూ ప్రభుత్వం నడిపే బీమా మెడికేర్. 2006 నుంచి 2013 మధ్య పట్టీ వేయించుకున్న 25,042 మంది మెడికేర్ రోగుల లెక్కలను పరిశోధకులు తిరగేసి 2017లో ప్రచురించారు. సగటున నాలుగున్నరేళ్లలో 4,636 మంది మళ్లీ బల్ల ఎక్కారు. వాళ్లందరికీ కలిపి మళ్లీ జరిగిన ఆపరేషన్లు 17,539. తలకు దాదాపు నాలుగు. మా చెల్లెలికి మూడే, సగటు కంటే తక్కువ, తిరుపతికి మొక్కు చెల్లించాలి. పట్టీ పద్దు కింద మెడికేర్ చెల్లించిన 47 కోట్ల డాలర్లలో 22 కోట్ల పైచిలుకు ఈ మళ్లీ మళ్లీలకే పోయింది. 2013 ఒక్క ఏడాది చూస్తే నూటికి డెబ్బై ఏడు డాలర్లు మరమ్మతులకు, మిగిలిన ఇరవై మూడు కొత్త పట్టీలకు. షోరూం మూతపడుతున్నా మెకానిక్ షెడ్డు ముందు క్యూ తగ్గని కారు కంపెనీని మీరెక్కడైనా చూశారా?

బ్రస్సెల్స్‌లో ఇంకాస్త ఓపిగ్గా చూశారు. 1990ల మధ్యలో పట్టీ వేయించుకున్నవాళ్లను పన్నెండేళ్లు దాటాక పిలిస్తే 82 మంది అందుబాటులోకి వచ్చారు. వాళ్లలో దాదాపు అరవై శాతానికి మళ్లీ ఆపరేషన్ అయింది. ఇంచుమించు సగంమందికి పట్టీ ఒంట్లో లేదు. నూటికి 28 మందిలో పట్టీ పొట్టగోడను కొరుక్కుని లోపలికి దిగింది. మరి మీకు తృప్తిగా ఉందా అని అడిగారు. ఉంది అన్నవాళ్లు అరవై శాతం! తెలుగు ఆడపిల్లలకే సర్దుకుపోవడం వచ్చనుకున్నాను. బెల్జియం వాళ్లకు మనం శిష్యరికం చేయాలి.

జనం ఇంత మెతకైనా సర్జన్లకు మాత్రం చురుకు తగిలింది. అమెరికాలో 2011లో బరువు తగ్గించే ఆపరేషన్లు వందైతే ముప్పై ఐదు పట్టీలే. 2015కు ఆరైనా లేవు. 2019కి ఒకటి కూడా లేదు. కట్టినవాళ్లే విప్పడం మొదలుపెట్టారు. పట్టీ పుట్టిల్లు కూడా మారుతూ వచ్చింది. ల్యాప్ బ్యాండ్ తయారుచేసే ఇనామెడ్‌ను 2006లో అలెర్గాన్ కొంది. 2013లో అలెర్గాన్ ఈ పట్టీ ఉన్న విభాగాన్ని 11 కోట్ల డాలర్ల దాకా ధరకు అపోలో ఎండోసర్జరీకి అమ్మింది. కంగారు పడకండి, మన జూబ్లీహిల్స్ అపోలోకూ దీనికీ చుట్టరికం లేదు. 2018లో అక్కణ్నుంచి రీషేప్ అనే కంపెనీకి వెళ్లింది. పట్టీకి ఎప్పటికప్పుడు కొత్త పుట్టిల్లు దొరికింది. పట్టీ మోస్తున్న మనుషులకు మాత్రం సెలైన్ లాగే డాక్టరు దొరకడం కష్టమైంది.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో పట్టీ వేయించుకుని మన ఊళ్లకు వచ్చి వెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లతో వ్యంగ్యం పక్కనపెట్టి రెండు మాటలు. నీళ్లు, ఆఖరికి ఉమ్మి కూడా మింగుడు పడకపోయినా, వాంతులు ఆగకపోయినా, ఉన్నట్టుండి పొట్టలో తీవ్రమైన నొప్పి వచ్చినా గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోవద్దు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి, అక్కడివాళ్లు అడిగినా అడక్కపోయినా "నా పొట్టకు పట్టీ ఉంది" అని మొదటి మాటగా చెప్పండి. సెలైన్ లాగేసి పట్టీ వదులు చేయడం ముందు జరగాల్సిన పని. ఏళ్ల తర్వాత పోర్టు దగ్గర ఎర్రబడినా, చీము పట్టినా అది పైపుండని వదిలేయకండి. బరువు పెరిగిందనో, డాక్టరు తిడతాడనో సిగ్గుపడి పరీక్షలు మానేయకండి. తిట్టే డాక్టరైతే మీరే మార్చేయండి, ఇది నిజంగా సర్దుబాటు చేయగలిగిన విషయం.

పట్టీ పీడ విరగడైంది కదా, ఇంకా ఎందుకీ రుసరుస అంటారేమో. హైదరాబాద్‌లో ఏ ఫ్లైఓవర్ దిగినా తల ఎత్తి చూడండి. అదే నవ్వు, అదే లారీ అంత అమ్మాయి. కింద అక్షరాలే మారాయి. ఇప్పుడు స్లీవ్. జీర్ణాశయంలో నూటికి డెబ్బై ఐదు, ఎనభై వంతులు కోసి పారేస్తారు. దీంతో మేలు పొందినవాళ్లు బోలెడు, షుగరు అదుపులోకి వచ్చినవాళ్లు ఎందరో. కానీ కోసింది మళ్లీ అతకదు, అందుకని సర్దుబాటు అన్న మాట నిశ్శబ్దంగా బోర్డు మీంచి దిగిపోయింది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే బరువు తగ్గించే మందులు మన మార్కెట్లోకి సూది రూపంలో వచ్చాయి. అవీ మంచి మందులే కావచ్చు. పట్టీ కూడా 2001లో మంచి పరికరమే.

మన బీమా నియమాలు ఆపరేషన్‌కు డబ్బు ఇవ్వాలంటే బీఎంఐ 40 ఉండాలని, గుండెజబ్బు, అదుపు తప్పిన షుగరు లాంటివి ఉంటే 35 చాలని అంటున్నాయి. గీత ఉంటే గీతను దించేవాళ్లూ ఉంటారు. జబ్బు కావాలంటే జబ్బును వెతికిపెట్టేవాళ్లూ ఉంటారు. ఇది మనకు కాలిఫోర్నియా నేర్పిన పాఠం. హోర్డింగు మీద "ముందు", "తర్వాత" అని రెండు ఫోటోలు వేస్తారు. మూడో ఫోటో ఒకటి ఉంటుంది, పదేళ్ల తర్వాతది. అది చూపించమనండి. ఎంతమందికి వేశారు, ఎంతమందికి తీశారు, మళ్లీ బల్ల ఎక్కితే ఆ ఖర్చు ఎవరిదని అడగండి. జవాబు చెప్పే డాక్టరు దొరికితే ఆయన చేతిలో ఒళ్లు పెట్టండి. "ముందు మీరు నోరు కట్టుకోండి" అన్నవాడి దగ్గర్నుంచి చెప్పులేసుకుని వచ్చేయండి.

పోయిన సంక్రాంతికి మా చెల్లెలు మళ్లీ వచ్చింది. పట్టీ లేదు. తగ్గిన బరువూ లేదు, అంతా తిరిగొచ్చి ఇంకో నాలుగు కిలోలు వెంట తెచ్చుకుంది. గారెలు వండుతుంటే పొయ్యి దగ్గరే కూర్చుని నాలుగు తింది. ఊళ్లో ఒక్కరూ "ఎంత బాగా తింటున్నావే" అనలేదు. "మళ్లీ ఒళ్లు చేశావే" అన్నారు.

సాయంత్రం బీరువా సర్దుతుంటే నాయనమ్మ వడ్డాణం ఉంచే చెక్కపెట్టె దొరికింది. లోపల ఎర్ర మఖమల్ గుడ్డ మీద వడ్డాణం ఆకారం అలాగే అచ్చు పడి ఉంది. మా చెల్లెలు బ్యాగులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసింది. పట్టీ. తీసేశాక అడిగి తెచ్చుకుందట. పసుపు పచ్చబడిన రబ్బరు ముక్క, పక్కన బిళ్ల. దాన్ని ఆ అచ్చులో పెట్టి చూసింది. ఓ మూలకైనా సరిపోలేదు.

"అన్నయ్యా, నాయనమ్మ వడ్డాణానికి వెనకాల కొక్కేలు ఎన్ని ఉండేవో గుర్తుందా?" అంది.

"ఐదు" అన్నాను. ఆడపిల్ల నడుము ఎప్పుడూ ఒకలా ఉండదని, కంసాలి వద్దంటున్నా పట్టుబట్టి ఐదు పెట్టించుకుంది ఆవిడ.

మా చెల్లెలు డబ్బా మూత పెట్టింది. కాసేపు మాట్లాడలేదు.

"అమ్మేసేనాటికి నేను రెండో కొక్కెం దాకానే వచ్చాను" అంది.